కొస ఆకుల చుట్ట

క్యూబాలో తయారయ్యే కోహీబా బెహీకే చుట్ట డబ్బున్నవాళ్లకు కూడా తేలిగ్గా దొరకదు. 2010లో బజారుకు వచ్చిన ఈ చుట్ట అరుదు కావడానికి అసలు కారణం మొక్కలోనే ఉంది. ఇందులో పడాల్సిన ‘మేదియో తియెంపో’ ఆకులు పొగాకు మొక్క కొసన రెండే వస్తాయి. అవీ అన్ని మొక్కలకూ రావు.

ఈ పొగాకు పండేది హవానాకు పడమట, పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో ఎర్రనేలల్లో. మొక్క అడుగు ఆకు పలచన, బాగా మండుతుంది, ఘాటు తక్కువ. నడిమి ఆకుకు వాసన ఎక్కువ. పైకి పోయేకొద్దీ ఎండ సూటిగా తగిలి ఆకు దళసరెక్కుతుంది, నికోటిన్, జిగురు నూనెలు పెరుగుతాయి. పైఆకు నెమ్మదిగా కాలుతుంది కనుక చుట్టేవారు దాన్ని నడుమ పెట్టి, మిగతావి దాని చుట్టూ సర్దుతారు. లేకపోతే చుట్ట ఒక పక్కకే మండుతుంది.

ఆకు కోయగానే చచ్చిపోదు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సంగతి ఇదే. కొట్టంలో కర్రలకు వేలాడదీసిన ఆకులో కణాలు రోజుల తరబడి శ్వాసిస్తూనే ఉంటాయి. ఉన్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుని, ఆ చక్కెరనూ ఖర్చు చేసుకుంటాయి. వారాలు గడిచి ఆకు గోధుమరంగుకు తిరిగేసరికి చక్కెర దాదాపు మిగలదు. మన ప్రకాశం జిల్లా వర్జీనియా ఆకు దారి వేరు. బ్యారన్‌లో వేడికి వారం లోపే కణాలు చనిపోతాయి, చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది.

ఈ ఒక్క తేడాతో పొగ స్వభావమే మారిపోతుంది. చక్కెర ఉన్న ఆకు పొగకు ఆమ్లగుణం ఉంటుంది. అందులోని నికోటిన్ నోటి పొరల్లో అంతగా ఇంకదు, ఊపిరితిత్తుల దాకా పీల్చాలి. సిగరెట్ పని అదే. చుట్టాకు పొగకు క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోట్లోంచే రక్తంలో కలుస్తుంది. అందుకే చుట్ట తాగేవారు పొగను లోపలికి పీల్చకుండా నోట్లో తిప్పి వదిలేస్తారు. మన గోదావరి లంకల ఆకు కూడా చుట్టాకే. ఆ లంక చుట్టల పేరు ఇంగ్లండుకు ఎంతగా పాకిందంటే, 1890 నాటి షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో వాటి ప్రస్తావన ఉంది.

ఆరిన ఆకును తేమ చేసి కుప్పగా పేర్చి మండె కడతారు. మండె తనంతట తానే వేడెక్కుతుంది. ఎంజైములు, సూక్ష్మజీవులు మాంసకృత్తులను విడగొడుతుంటే అమ్మోనియా ఘాటుగా బయటికి పోతుంది. వేడి మితిమీరకుండా మండె విప్పి, పైవి కిందికి మార్చి మళ్లీ పేరుస్తారు. ఆరబెట్టినప్పుడూ, పులిసినప్పుడూ ఆకులోని కెరోటినాయిడ్లు విరిగి సువాసన అణువులవుతాయి. వాటిలో ఒకటైన డమాస్కినోన్ గులాబీ అత్తరులోనూ ఉంది. కోహీబా ఆకులో కొంత భాగాన్ని మూడోసారి కూడా పులియబెడతారు. తొందరపడితే అమ్మోనియా మిగిలిపోయి గొంతు పట్టేస్తుంది. ఇంత కాలం పట్టే సరుకుకు ఒక్క ఏడు దెబ్బ తగిలినా ఏళ్ల పాటు కొరత తప్పదు. 2022 సెప్టెంబరులో ఇయన్ తుఫాను పినార్ దెల్ రియోలో పొగాకు కొట్టాలను వేల సంఖ్యలో కూల్చేసింది.

దొరికిన చుట్టను కాపాడుకోవడానికి 65–70 శాతం గాలి తేమ ఉండే పెట్టె కావాలి. ఎండిపోతే సువాసన నూనెలు ఎగిరిపోతాయి. వెచ్చబడితే లాసియోడెర్మా గుడ్లు పగిలి, పురుగు ఆకును తొలిచేస్తుంది. మన గోదాముల్లో పసుపుకూ మిర్చికీ పట్టే పురుగు అదే. తాగేటప్పుడు నిమిషానికొక దమ్ము చాలంటారు. అంతకు మించితే నిప్పు రగిలి, రుచి చేదెక్కుతుంది.

రుచిని ఇచ్చే ప్రక్రియలోనే విషమూ పుడుతుంది. ఆరబెట్టే, పులియబెట్టే దశల్లోనే క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు తయారవుతాయి. పెద్ద చుట్ట ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండవచ్చు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు దశాబ్దాల కిందటే నమోదు చేశారు. కొస ఆకుల చుట్టకైనా, లంకాకు చుట్టకైనా ఈ విషయంలో తేడా లేదు.