అరుగుదల, ఒంటబట్టడం: జీర్ణక్రియను వివరించే రెండు తెలుగు మాటలు

వ్యాససంగ్రహం:
తిన్న ఆహారం దేహానికి ఉపయోగపడటంలో రెండు దశలున్నాయి. ఆహారం సూక్ష్మ అణువులుగా విడిపోవడం మొదటిది. ఆ అణువులు పేగు గోడను దాటి దేహంలో చేరడం రెండవది. తెలుగు వ్యవహారంలోని ‘అరుగుదల’, ‘ఒంటబట్టడం’ అనే మాటలు ఈ భేదాన్ని ఎంత స్పష్టంగా చూపుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీర్ణక్రియ, అరుగుదల, శోషణం, ఒంటబట్టడం, ఆంత్రచూషకాలు, పరిభాష.

1. ఉపోద్ఘాతం:
‘పిల్లవాడు బాగానే తింటున్నాడు, కానీ ఒంటబట్టడం లేదు’ అనే మాట తెలుగిళ్ళలో వినబడేదే. ‘అరగడం లేదు’ అనే మాటకూ దీనికీ అర్థభేదం ఉంది. మొదటిది పోషణకు, రెండవది కడుపులోని ఇబ్బందికి సంబంధించినది. శరీరధర్మశాస్త్రం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది.

2. అరుగుదల:
‘అరుగు’ ధాతువుకు క్షయించడం అని అర్థం. చెప్పులు అరుగుతాయి, గంధపు చెక్క అరుగుతుంది, అన్నమూ అరుగుతుంది. సంస్కృత ‘జీర్ణ’ శబ్దానికీ శిథిలమైనదనే అర్థం ఉంది. ‘జీర్ణోద్ధరణ’ అనే మాటే ఇందుకు సాక్ష్యం.

నోటిలో లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొట్టడం ప్రారంభిస్తుంది. జీర్ణాశయంలోని ఆమ్ల వాతావరణంలో పెప్సిన్ ప్రోటీన్లను ఛేదిస్తుంది. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పైత్యరసం, క్లోమరసం చేరుతాయి. పైత్యరసం కొవ్వును చిన్న బిందువులుగా చేస్తే, క్లోమరసంలోని లైపేజ్ దానిని విడగొడుతుంది. చివరకు పిండిపదార్థం గ్లూకోజ్‌గా, ప్రోటీన్లు అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా, కొవ్వులు ప్రధానంగా కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిజరైడ్లుగా మారుతాయి.

3. ఒంటబట్టడం:
‘ఒంటన్’ అనే రూపానికి ‘పట్టు’ ధాతువు చేరి, సరళాదేశంతో ‘ఒంటబట్టు’ అయింది. ఒంటిలో నిలవడం అని దీని భావం. జీర్ణనాళం రెండు కొసలా తెరచి ఉన్న గొట్టం. దానిలో ఉన్న పదార్థం, ఎంత అరిగినా, ఒక విధంగా దేహానికి వెలుపలే ఉన్నట్లు. పేగు గోడను దాటినప్పుడే అది ఒంటిని చేరుతుంది.

ఈ దాటడం ప్రధానంగా చిన్నపేగులో జరుగుతుంది. లోపలి ముడతలు, వాటిపై ఆంత్రచూషకాలు, వాటి కణాలపై సూక్ష్మచూషకాలు కలిసి పేగు ఉపరితలాన్ని ఇటీవలి అంచనాల ప్రకారం సుమారు 30 చదరపు మీటర్లకు పెంచుతాయి. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు రక్తకేశనాళికల ద్వారా కాలేయానికి వెళతాయి. కొవ్వులలో అధికభాగం పేగు కణాలలో తిరిగి కూర్చబడి, శోషరస నాళాల ద్వారా రక్తంలో కలుస్తుంది.

4. భేదానికి నిదర్శనాలు:
లాక్టేజ్ ఎంజైము తక్కువగా ఉన్నవారికి పాలలోని చక్కెర అరగదు. ఇది మొదటి దశలోని లోపం. సీలియాక్ వ్యాధిలో గోధుమలోని గ్లూటెన్ కారణంగా ఆంత్రచూషకాలు దెబ్బతింటాయి. అరిగిన ఆహారమూ సరిగా ఒంటబట్టదు. ఆకుకూరల్లోని ఇనుము గ్రహింపును భోజనంతో తాగే టీ తగ్గిస్తుంది, నిమ్మరసంలోని సి విటమిన్ పెంచుతుంది. గ్లూకోజ్‌కు అరగవలసిన అవసరమే లేదు. అయినా పేగు కణంలోకి అది ప్రధానంగా సోడియంతో కలిసి ప్రవేశిస్తుంది, నీరు వాటిని అనుసరిస్తుంది. అతిసారంలో ఇచ్చే ఓఆర్ఎస్ ద్రావణానికి ఆధారం ఇదే. కాబట్టి తిన్న ఆహారం పరిమాణాన్ని మాత్రమే చూసి పోషణను నిర్ణయించడం సరికాదు.

5. ముగింపు:
పాఠ్యపుస్తకాలు రెండవ దశను ‘శోషణం’ అంటాయి. సంస్కృతంలో ఇది ఎండిపోవడాన్ని, పీల్చుకోవడాన్ని సూచించే మాట. కానీ ‘శోష వచ్చి పడిపోయాడు’, ‘కంఠశోష’ వంటి వాడుకలు తెలిసిన విద్యార్థికి అది బలం చేకూరడం కాక, బలం ఉడిగిపోవడంగా స్ఫురించే అవకాశం ఉంది. ‘ఒంటబట్టడం’ అనే మాటకు ఆ చిక్కు లేదు. శాస్త్రపదాన్ని తొలగించనవసరం లేదు; దాని పక్కన ఈ మాటను నిలిపితే చాలు. ‘చదువు ఒంటబట్టింది’ అనడంలోనూ మనం చెప్పేది ఇదే: విన్నదంతా విద్య కాదు, తనలో భాగమైనదే విద్య. పరిభాష విషయంలోనూ ఆ మాట వర్తిస్తుంది.