చిన్న ట్రాలీ చేయిస్తున్నారా? బరువు ఎక్కడ పడుతుందో ముందే లెక్క చూసుకోండి

మిరప కోతలు, పత్తి తీతలు మొదలయ్యాయంటే ఊళ్లలో వెల్డింగ్ షాపులకు తీరిక ఉండదు. మినీ ట్రాక్టర్ వెనకో, పాత జీపు వెనకో తగిలించుకునే రెండు చక్రాల చిన్న ట్రాలీకి గిరాకీ అప్పుడే. కంపెనీ ట్రాలీ కొనే స్తోమత లేనివాళ్లు పాత ఇరుసు, రెండు టైర్లు, కొంత సి ఛానల్ తెచ్చి ఉస్తాద్‌కు అప్పజెప్పి "గట్టిగా చేయండి భాయ్, పొలంలో తిరగాలి" అంటారు. ఉస్తాద్ గట్టిగానే చేస్తారు. అయితే బండి గట్టిగా ఉంటే సరిపోదు, తూకంగా కూడా ఉండాలి. ఇరుసు నాలుగు అంగుళాలు అటో ఇటో పడితే తేడా షాపు దగ్గర కనిపించదు. బరువు వేసుకుని కాల్వ కట్ట ఎక్కినప్పుడే బయటపడుతుంది.

ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాల్వలో పడి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ప్రతి ప్రమాదానికీ కారణం ఒకటే అని చెప్పలేం. కానీ కాల్వ గట్ల మీద, పొలం దారుల్లో తిరిగే బండి ఎందుకు తిరగబడుతుందో ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

ఎడ్ల బండి నేర్పిన పాఠం

ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి చూడండి. ఎడ్ల బండికి బస్తాలు వేసేటప్పుడు వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడలు నలుగుతాయి. అందుకే బండివాడు కాడి కాస్త కిందికి నొక్కేలా, ఎద్దుకు కష్టం లేకుండా బస్తాలు సర్దేవాడు. రెండు చక్రాల ట్రాలీదీ అదే లెక్క. కాడి స్థానంలో హుక్కు వచ్చింది, అంతే.

జీపు, కారు లాంటి వాటి వెనక లాగే ట్రాలీకి అందరూ పాటించే లెక్క ఒకటుంది. సరుకుతో కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. మిగతాది చక్రాలు మోయాలి. ట్రాక్టర్ హుక్కు ఇంకా ఎక్కువే మోయగలదు. అయితే ఎంత అనేది ఆ ట్రాక్టర్ పుస్తకంలో రాసిన పరిమితిని బట్టి ఉంటుంది.

హుక్కు మీద బరువు చాలకపోతే ట్రాలీ వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. ఇంకా తగ్గితే ట్రాలీ బండి వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. అప్పుడు వెనక టైర్లకు పట్టు పోతుంది. మరీ ఎక్కువైనా ముప్పే. వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు.

కాగితం మీద లెక్క

లెక్క తేలికే. ఉదాహరణకు ఖాళీ ట్రాలీ 300 కిలోలు, సరుకు 700 కిలోలు అనుకుందాం. మొత్తం 1,000 కిలోలు. హుక్కు నుంచి ఇరుసుకు దూరం 2.5 మీటర్లు. హుక్కు మీద 120 కిలోలు పడాలంటే మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు ఎంత ముందు ఉండాలి?

120ని 2.5తో గుణించి, 1,000తో భాగిస్తే 0.3 మీటరు వస్తుంది. అంటే ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందు.

ఖాళీ ట్రాలీ హుక్కు బరువు 40 కిలోలు వచ్చిందనుకోండి. అది ఇచ్చే బలం 40 ఇంటూ 2.5, అంటే 100. మనకు కావాల్సింది 300. మిగతా 200 సరుకు ఇవ్వాలి. 200ను 700తో భాగిస్తే సుమారు 0.29. అంటే సరుకు మధ్య భాగం ఇరుసుకు 29 సెంటీమీటర్లు ముందు పడాలి.

తొట్టి పొడవు 2.4 మీటర్లయితే దాని నడిమధ్య 1.2 దగ్గర ఉంటుంది. సరుకు తొట్టి అంతా సమానంగా పరుస్తాం కాబట్టి ఇరుసు తొట్టి ముందు అంచు నుంచి 1.49 మీటర్ల దగ్గర రావాలి. అంటే ఇరుసుకు ముందు తొట్టిలో 62 శాతం, వెనక 38 శాతం. షాపుల్లో "అరవై-నలభై" అనే లెక్క ఇక్కడిదే. ఇరుసును సరిగ్గా నడిమధ్య పెడితే చూడటానికి అందంగా ఉంటుంది కానీ నడపడానికి కాదు.

ఇప్పుడు తప్పు చేస్తే ఏమవుతుందో చూద్దాం. అదే ట్రాలీలో అదే 700 కిలోలు, కానీ సరుకు మధ్య భాగం ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనక పడింది. లెక్క 100లోంచి 140 తీస్తే మైనస్ 40. దాన్ని 2.5తో భాగిస్తే హుక్కు మీద మైనస్ 16 కిలోలు. అంటే హుక్కు కిందికి నొక్కడం మానేసి పైకి లాగుతోంది. చూశారుగా, మొత్తం బరువు మారలేదు, చోటు మాత్రమే మారింది.

ఒక్క బస్తాతో ఎంత తేడా వస్తుందో కూడా గుర్తుపెట్టుకోండి. ఇరుసుకు మీటరు వెనకున్న 50 కిలోల బస్తాను మీటరు ముందుకు జరిపితే హుక్కు మీద బరువు 40 కిలోలు పెరుగుతుంది.

ఇంట్లో కాటాతోనే చూడొచ్చు

హుక్కు బరువు తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ట్రాలీని చదునైన నేల మీద ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. మనుషులు నిలబడి తూచుకునే కాటాను హుక్కు రింగు కింద పెట్టి, ఇనుప పైపు ముక్కో చెక్క దిమ్మో ఆసరాగా నిలబెట్టాలి. రింగు ఎత్తు, బండికి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. కాటా చూపించేదే హుక్కు బరువు. కాటా పరిమితి దాటేలా ఉంటే ఆ పని చేయొద్దు, వేబ్రిడ్జికి వెళ్లండి. అక్కడ మొదట హుక్కు విప్పి ట్రాలీ మొత్తం బరువు, తర్వాత తగిలించి ట్రాలీ చక్రాల కింది బరువు మాత్రమే తూయించాలి. రెంటికీ తేడానే హుక్కు మీదిది.

ఎత్తు ఎక్కేటప్పుడు లెక్క మారుతుంది

చదునులో సరిపోయిన తూకం కాల్వ కట్ట ఎక్కేటప్పుడు అలాగే ఉండదు. సరుకు ఇరుసు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎగువకు వెళ్తుంటే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది. పైన చెప్పిన ట్రాలీలో బరువు కేంద్రం ఇరుసుకు 60 సెంటీమీటర్లు పైన ఉందనుకుందాం. ఐదు మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తులో అది 12 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టే. 120 ఉన్న హుక్కు బరువు సుమారు 70కి పడిపోతుంది. రెండు మీటర్లకు ఒక మీటరు లేచే కట్ట మీద అయితే సున్నా. టైర్లకు పట్టు బాగా కావాల్సిన చోటే పట్టు పోతుందన్నమాట.

నీళ్ల ట్యాంకు ఉంటే ఇంకా జాగ్రత్త. లీటరు నీళ్లు కిలో బరువు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ఎత్తులో వెనక్కి, మలుపులో పక్కకు పరుగెత్తుతాయి. లోపల రంధ్రాలున్న అడ్డు పలకలు పెట్టించాలి, లేదా ట్యాంకు పూర్తిగా నింపో, పూర్తిగా ఖాళీగానో తీసుకెళ్లాలి.

పక్కకు ఎప్పుడు పడుతుంది?

రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు, నేల నుంచి బరువు కేంద్రం ఎత్తు 0.9 మీటరు ఉంటే ట్రాలీ సుమారు 38 డిగ్రీల వాలు దాకా పడకుండా నిలబడుతుంది. బస్తాలు ఎత్తుగా పేర్చో, మనుషుల్ని నిలబెట్టో ఆ ఎత్తును 1.4 మీటర్లకు తెస్తే 27 డిగ్రీల లోపే తిరగబడుతుంది. ఇది కదలకుండా నిలబడ్డ బండి లెక్క. నడిచే బండికి గుంతలు, కుదుపులు, టైరు అణగడం అన్నీ కలిసి ఇంకా ముందే పడేస్తాయి. అందుకే బరువైనవి అడుగున, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. తేలికవి పైన ఉండాలి. తాడు బిగించాలి.

మనుషుల విషయంలో అసలు కష్టం ఏమిటంటే, బస్తా కట్టిన చోటే ఉంటుంది, మనిషి ఉండడు. బండి ఒరిగితే అందరూ ఒకే వైపు జారతారు. బరువు కేంద్రం కూడా అటే జారుతుంది.

పొలం దారికి తగినట్టు చేయించాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల వెనక లాగిన చిన్న ట్రైలర్లు ఈ పనికి మంచి నమూనా. 1940లో జీపు తొలి నమూనా తయారుచేసిన అమెరికన్ బాంటమ్ కంపెనీయే తర్వాత ఆ ట్రైలర్లను చేసింది. వాటికి జీపు టైర్లే వాడారు. ఒక స్పేర్ టైరు రెంటికీ పనికొచ్చేది. చక్రాల మధ్య దూరం కూడా జీపుతో సమానం, కాబట్టి జీపు వేసిన గాడిలోనే ట్రైలర్ నడిచేది. మన ట్రాలీకీ ఈ రెండు సూత్రాలు వీలైనంత వరకు పాటించమని ఉస్తాద్‌ను అడగండి.

ఇంకొన్ని విషయాలు షాపులోనే చూసుకోవాలి. రింగు, హుక్కు పక్కకు మెలి తిరిగే రకం అయితే గుంతలో ట్రాలీ ఒరిగినా లాగే బండిని కూడా మెలిపెట్టదు. పిన్నుకు లాక్ క్లిప్పు తప్పనిసరి. రెండు గొలుసులు డ్రాబార్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వచ్చేలా కట్టాలి. పిన్ను ఊడినా డ్రాబార్ నేలలో గుచ్చుకోకుండా అవి పట్టుకుంటాయి. కమాన్ పట్టీలు ఉంటే కుదుపు తగ్గుతుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, లైట్లు ఖర్చు అనుకోవద్దు.

ట్రాక్టర్‌కైతే మరో మాట. ట్రాలీని కింద ఉన్న డ్రాబార్‌కే తగిలించాలి. పై లింకుకో, ఇరుసు ఎత్తులోనో గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి డ్రైవర్ మీదే తిరగబడగలదు.

చట్టం, ఇన్సూరెన్స్

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనం కిందికే వస్తుంది, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి ఇనుము కొనకముందే రవాణా శాఖ ఆఫీసులో నియమాలు కనుక్కోవడం మంచిది. సరుకు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం నిబంధనలకు విరుద్ధం. సరుకు వాహనం పాలసీలో అలా ఎక్కినవాళ్లకు సాధారణంగా రక్షణ ఉండదు. ప్రమాదం జరిగితే ఇటు కూలీ కుటుంబానికి నష్టం, అటు ట్రాలీ యజమాని కుటుంబం మీద పరిహారం భారం. కూలీలకు ఆటో పెడితే అయ్యే ఖర్చును దీనితో పోల్చుకుని చూడండి.

ట్రాలీ సిద్ధమయ్యాక రంగు వేయించే ముందు ఒకసారి సరుకు నింపి హుక్కు బరువు తూయించండి. తూకం తప్పితే ఇరుసు జరపడానికి అదే సరైన సమయం. తూకం సరిపోయాక సరుకు మధ్య భాగం ఎక్కడ రావాలో తొట్టి పక్క పలక మీద ఒక గీత గీయించండి. రేపు బస్తాలు ఎత్తేది మీరు కాకపోయినా, ఎత్తేవాళ్లకు ఆ గీత కనిపిస్తుంది.