కొట్టానికీ గాజు తీగకూ ఒకే గణితం

తెల్లవారుజామున పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లిన రైతు గేదెను చూడగానే, "దీనికి ఒంట్లో బాగాలేదు" అంటాడు. ఎలా తెలిసిందని అడిగి చూడండి. కుడితి ముట్టలేదనో, నెమరు వెయ్యడం లేదనో, చెవులు వేలాడేసిందనో చెబుతాడు. ఈ విద్యకు ఎవరూ అతనికి సూత్రం రాసి ఇవ్వలేదు. ఏళ్ల తరబడి చూసిన ఉదాహరణలే అతనికి గురువులు.

కంప్యూటరు కూడా ఇలా ఉదాహరణల నుంచి నేర్చుకోగలదు. ఈ పద్ధతినే మెషీన్ లెర్నింగ్ అంటారు. విశేషమేమంటే, పశువుల జబ్బును పసిగట్టే ఈ పద్ధతే ఇంటర్నెట్ సంకేతాలను మోసే గాజు తీగల, అంటే ఆప్టికల్ ఫైబర్ల, రూపకల్పనకూ పనికొస్తోంది. అదెలాగో చూద్దాం.

మామూలు ప్రోగ్రాములో నియమాన్ని మనం రాస్తాం, జవాబును కంప్యూటరు ఇస్తుంది. ఇక్కడ ప్రశ్నలూ జవాబులూ రెండూ మనమే ఇస్తాం. వాటిని కలిపే నియమాన్ని కంప్యూటరు వెతుక్కుంటుంది. ఇందుకు తరచుగా వాడే సాధనం న్యూరల్ నెట్‌వర్క్. అందులోకి వెళ్లే ప్రతి సంఖ్యనూ ఒక 'భారం'తో గుణిస్తారు. ఆ లబ్ధాలను కూడి, ఒక ప్రమేయం గుండా తర్వాతి వరుసకు పంపుతారు. చివర వచ్చిన జవాబుకూ అసలు జవాబుకూ ఉన్న తేడాను బట్టి భారాలను కొద్దికొద్దిగా సవరిస్తారు. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసంతో ఈ సవరణ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

ముందు కొట్టంలోకి వెళదాం. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి సుమారు 19 కోట్లు, గేదెలు సుమారు 11 కోట్లు ఉన్నాయి. ప్రతి పశువునూ రోజూ పశువైద్యుడు చూడడం సాధ్యం కాదు కదా! ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. జబ్బు చేస్తే అది తగ్గుతుంది. మెడపట్టీకి అమర్చిన చిన్న సాధనం ఆ కదలికలను లెక్కిస్తుంది. అలాగే పొదుగువాపు వచ్చినప్పుడు పాలలో సోడియం, క్లోరైడ్ అయాన్లు పెరుగుతాయి. దాంతో పాల విద్యుద్వాహకత కూడా పెరుగుతుంది. అయితే ఏ ఒక్క గుర్తునూ పూర్తిగా నమ్మలేం. ఎండ తీవ్రంగా ఉన్నా నెమరు తగ్గుతుంది. అందుకే నెమరు, నడక, పాల దిగుబడి, విద్యుద్వాహకత అన్నింటినీ కలిపి నెట్‌వర్క్‌కు ఇస్తారు.

ఇక గాజు తీగ సంగతి. సాధారణ ఫైబరు మందం 125 మైక్రాన్లు. దాని నడుమ సుమారు 9 మైక్రాన్ల గాజు మార్గంలో కాంతి ప్రయాణిస్తుంది. చుట్టూ ఉన్న గాజు వక్రీభవన గుణకం కాస్త తక్కువ కాబట్టి కాంతి బయటికి పోదు. గాజును తగినంత శుద్ధి చేస్తే సంకేతాలను చాలా దూరం పంపవచ్చని 1966లో చూపిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1990లలో ఫిలిప్ రసెల్ బృందం పొడవునా సన్నని గాలి రంధ్రాలున్న మరో రకం ఫైబరును తయారు చేసింది. ఇందులో రంధ్రాల వ్యాసం, వాటి మధ్య దూరం మారితే కాంతి కారిపోయే తీరూ, సంకేతం సాగిపోయే తీరూ మారిపోతాయి.

ఎంత మారతాయో తెలియాలంటే, అడ్డుకోతను వేలాది చిన్న త్రిభుజాలుగా విభజించి మాక్స్‌వెల్ సమీకరణాలను సాధించాలి. ఒక్కో నమూనాకూ ఇలా లెక్క కట్టాలంటే చాలా సమయం పడుతుంది. అందువల్ల కొన్ని నమూనాలను మాత్రమే పూర్తిగా సాధించి, వాటిని నెట్‌వర్క్‌కు పాఠాలుగా చెబుతారు. ఆ తర్వాత కొత్త కొలతలిస్తే అది క్షణంలో అంచనా చెబుతుంది. నచ్చిన నమూనాను మళ్లీ అసలు సమీకరణాలతో సరిచూసుకుంటారు.

అసలు తేడా ఇక్కడే ఉంది. ఫైబరు విషయంలో గురువు మాక్స్‌వెల్. అనుమానం వస్తే వెంటనే ఆయన్నే అడగవచ్చు. కొట్టంలో అలాంటి సమీకరణం లేదు. పశువైద్యుడి పరీక్షే ప్రమాణం. పైగా హోల్‌స్టీన్ ఆవులతో నేర్చుకున్న యంత్రం మన ఒంగోలు ఆవు దగ్గరో, ముర్రా గేదె దగ్గరో తడబడవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. 1000 గేదెల్లో 20కి జబ్బు ఉందనుకుందాం. మన యంత్రం జబ్బువాటిలో నూటికి 90ని పట్టుకుంటుంది, మంచివాటిలో నూటికి 90ని మంచివనే చెబుతుంది. అంటే జబ్బువి 18 దొరుకుతాయి. కానీ మిగిలిన 980లో 98 మంచివాటిపై కూడా అనవసరంగా గంట మోగుతుంది. మొత్తం 116 గంటల్లో నిజమైనవి 18, అంటే నూటికి 16 కూడా లేవు! మొత్తం మీద యంత్రం చెప్పింది 900 గేదెల విషయంలో సరిపోయింది. "అన్నీ బాగున్నాయి" అని కళ్లు మూసుకుని చెప్పే మరో యంత్రం మాత్రం 980 గేదెల విషయంలో ఒప్పవుతుంది. మార్కులు దానికే ఎక్కువ. కానీ 20 గేదెలూ వైద్యం లేకుండా మిగిలిపోతాయి. "నూటికి 98 సరిగ్గా చెబుతుంది" అనే ప్రకటన చూసినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు జబ్బువి 20కి బదులు 200 అనుకుని మీరే లెక్క వెయ్యండి. 260 గంటల్లో 180 నిజమవుతాయి. యంత్రం మారలేదు, ఊళ్లో జబ్బు పెరిగింది, అంతే. అందుకే గంట మోగగానే మందు పొయ్యకూడదు. ముందు వెళ్లి గేదెను చూడాలి. ఆ పనికి రైతు కన్ను, పశువైద్యుడి చెయ్యి ఎప్పటిలాగే కావాలి.