అట్టపెట్టె మీది వేగం

తణుకులో రైస్‌మిల్లు లెక్కలు రాసే చోటైనా, పెళ్లి వీడియోలు కూర్చే స్టూడియోలోనైనా డెస్క్‌టాప్ నెమ్మదించిందంటే మొదట వినిపించే సలహా ‘ఎస్‌ఎస్‌డీ వేయించండి’. సలహా మంచిదే. చిక్కల్లా ఏది వేయించాలన్న దగ్గరే. సాటా వైరుతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ అట్టపెట్టె మీద సెకనుకు 550 మెగాబైట్లు అని ఉంటుంది. మదర్‌బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో కూర్చునే ఎన్‌వీఎంఈ రకంలో మూడో తరానిది 3,500, నాలుగోది 7,000, ఐదోది 14,000 దాకా చూపిస్తుంది. ఈ అంకెలు అబద్ధం కావు. కానీ ఒకే పెద్ద ఫైలును ఏకబిగిన చదివినప్పటి వేగం అది. విండోస్ లేచేటప్పుడు, ట్యాలీ తెరుచుకునేటప్పుడు జరిగేది వేరు: డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలను ఏరుకోవాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్కో ముక్కను చేరడానికి పది మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది; సెకనుకు వంద ముక్కలు అందితే గొప్ప. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు ఇస్తుంది. మనకు తెలిసే తేడా అంతా ఇక్కడే వచ్చేస్తుంది. అక్కడి నుంచి ఐదో తరానికి వెళితే పెద్ద ఫైలు వేగం పాతిక రెట్లు పెరుగుతుంది గానీ, ఒక్కొక్కటిగా అడిగే చిన్న ముక్కల వేగం రెండు మూడు రెట్లకు మించి పెరగదు.

వీడియో ఎడిటింగ్‌కైనా అత్యంత వేగం కావాలి కదా అంటారు. లెక్క వేద్దాం. సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో అంటే 12.5 మెగాబైట్లే, నాలుగు కెమెరాలవి ఒకేసారి నడిపినా 50. కెమెరా మెమరీ కార్డు నుంచి కాపీ చేయడమా? యూహెచ్‌ఎస్-1 కార్డు ప్రమాణం హద్దే సెకనుకు 104 మెగాబైట్లు. పంట బోదె సన్నగా ఉన్నప్పుడు చేను ఎంత పెద్దదైనా నీరు వచ్చేది ఆ బోదె కొద్దీనే. వందల గిగాబైట్ల రా ఫుటేజీని రెండు ఎన్‌వీఎంఈల మధ్య రోజూ తిప్పేవారికి మాత్రం నాలుగో తరం నిజంగా పనికొస్తుంది. అదీ మదర్‌బోర్డు అందుకోగలిగితేనే. మూడో తరం స్లాట్‌లో ఐదో తరం డ్రైవ్ పెడితే అది మూడో తరం వేగంతోనే నడుస్తుంది.

డబ్బు పెట్టాల్సింది లోపలి చిప్ మీద. ఒక్కో గదిలో (సెల్‌లో) నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ చవక. కానీ పెద్ద కాపీలో దాని తాత్కాలిక నిల్వ నిండగానే రాసే వేగం కూలిపోతుంది. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీకి ఆ దశలో వేగం సెకనుకు 80 మెగాబైట్లేనని కంపెనీయే చెబుతుంది. అది హార్డ్ డిస్క్ కన్నా తక్కువ. మూడు బిట్ల టీఎల్‌సీ నయం.

రాయగా రాయగా ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. శాంసంగ్ 1 టీబీ 970 ఈవో ప్లస్‌కు వారంటీ 600 టెరాబైట్ల రాత లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అది. రోజుకు 30 గిగాబైట్లు రాసినా 600 టెరాబైట్లు పూర్తవడానికి యాభై ఏళ్లు దాటుతుంది. అరుగుదల కన్నా డ్రైవ్ హఠాత్తుగా ఆగిపోవడమే ప్రమాదం. కొనేముందు మదర్‌బోర్డు మాన్యువల్ చూడండి, టీఎల్‌సీయేనా అని అడగండి, యూపీఎస్ లేకుండా నడపకండి. తీసేసిన పాత హార్డ్ డిస్క్ బాగుంటే పారేయకుండా బ్యాకప్‌కు ఉంచండి.