కారు కప్పుపై కయాక్ పడవ

కయాక్ సన్నని, పొడవైన పడవ. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు చట్రముపై సీలు చర్మమును బిగించి దీనిని నిర్మించి, వేటకు వాడెడివారు. నేడు అనేకము పాలిఎథిలీను ప్లాస్టిక్కుతో తయారగుచున్నవి. అమెరికా, కెనడా మొదలగు దేశములలో వినోదమునకై పడవ నడపువారు దీనిని కారు కప్పుపై కట్టి సరస్సులకు తీసికొనిపోవుదురు. నాలుగు మీటర్ల పడవ బరువు సుమారు 25 కిలోగ్రాములు. ఇంత తేలికైనదానికి ఒక తాడు చాలదా? చాలదు. రహదారిపై ఊడిపడిన పడవ వెనుక వచ్చువారి ప్రాణములు తీయగలదు. ఇచట బరువుకంటె బలములు ముఖ్యము.

మొదటిది ఎదురుగాలి. దీని పీడనము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు ఈ పీడనము చదరపు మీటరుకు సుమారు 12 కిలోగ్రాముల బరువుతో సమానము. వేగము 100 కిలోమీటర్లయినచో అది 24 కాదు, 47!

రెండవది పక్కగాలి. కప్పుపై రెండు అడ్డకమ్మీలు ఒక మీటరు ఎడముగా ఉన్నవనుకొనుడు. పడవ ముందుకొన వాటి నడిమి బిందువునుండి రెండు మీటర్ల దూరమున ఉన్నది. ఆ కొనపై 10 కిలోల బలము పక్కనుండి పనిచేసిన, ముందు కమ్మీ 25 కిలోల బలముతోను, వెనుక కమ్మీ వ్యతిరేకదిశలో 15 కిలోల బలముతోను నిలుపవలెను. కనుక కమ్మీలు ఎంత ఎడముగా ఉన్న అంత మేలు. మీటరు కొలబద్దను నడుమ రెండు వేళ్లతో పట్టుకొని, కొనను మరియొకరిచే పక్కకు త్రోయించుడు. పిమ్మట రెండు చేతులతో ఎడముగా పట్టుకొని త్రోయించుడు. భేదము చేతికే తెలియును.

మూడవది జడత్వము. గట్టిగా బ్రేకు వేసినపుడు కారు వేగము సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గినచో, పడవ సుమారు 18 కిలోల బలముతో ముందుకు జారజూచును.

కట్టు విధానము ఈ బలములనుండియే తెలియును. మొదట, కారుతో ఇచ్చిన పుస్తకములో కప్పు మోయగల బరువు చూడవలెను. కమ్మీలపై మెత్తలు వేసి పడవను నిలువునా పెట్టవలెను. రెండు బలమైన పట్టీలను పడవ మీదుగా, కమ్మీల క్రిందుగా త్రిప్పి బిగించవలెను. మితిమీరి బిగించిన ప్లాస్టిక్కు సొట్టపడును. ముందు, వెనుక కొనలనుండి తాళ్లను ఇరువైపులకు విడదీసి కారు క్రిందనున్న గట్టి కొక్కెములకు కట్టవలెను. ఇవి కొనలను ఊగనీయవు, పడవను జారనీయవు. రబ్బరు తాడు సాగును. నైలాను తాడు తడిసిన సాగును. కావున పాలియెస్టరు మేలు.

బిగువైన పట్టీ గాలికి బుయ్యిమని మ్రోగును. దాని అంచులవద్ద సుడులు క్రమముగా విడివడుటయే కారణము. పట్టీకి ఒక మెలిక వేసిన ఆ క్రమము చెడి మ్రోత అణగును.

చివరకు పడవను పట్టి ఊపిచూడవలెను. పడవతోపాటు కారుకూడ ఊగినచో కట్టు సరియైనది. కొద్ది దూరము పోయి ఆగి, పట్టీలను మరల పరీక్షింపవలెను. మన వీధులలో వాహనములపై పోవు నిచ్చెనలకును, గొట్టములకును ఇవే సూత్రములు వర్తించును.