సర్పికి తలా లేదు, తోకా లేదు

నడుం చుట్టూ ఒక పక్కన నీటి పొక్కులు లేవగానే ఇంట్లో మొదట వినపడే మాట: "తలా తోకా కలవకముందే మంత్రం వేయించండి." రెండూ కలిస్తే మనిషి దక్కడని భయం. ఆ భయంతో రోగిని ఆసుపత్రికి కాకుండా మంత్రం వేసే మనిషి దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ పొక్కుల మీద ఎర్రమన్నో, ఆకు పసరో పూసి, మళ్లీ మళ్లీ రమ్మంటారు. ఇంగ్లీషు మందు పడదని, సూది వేయిస్తే వికటిస్తుందని హెచ్చరించి మరీ పంపుతారు. సర్పి గురించి మన ఊళ్లలో తిరిగే అపోహలన్నింటిలోకీ ఎక్కువ చెరుపు చేస్తున్నది ఇదే.

సర్పి వచ్చేది ఆటలమ్మ వైరస్ వల్లే. దాని పేరు వేరిసెల్లా జోస్టర్. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనుండే నరాల కణుపుల్లో ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది. వయసు మీదపడినప్పుడు, షుగరు, కీమోథెరపీ, హెచ్‌ఐవీ లాంటివాటితో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఏదో ఒక నరం వెంట చర్మం మీదికి వస్తుంది. కుడివైపు నరం వెన్ను దగ్గర బయల్దేరి బొడ్డు గీత దగ్గర ఆగిపోతుంది, ఎడమవైపుకు దాటదు. పొక్కులూ అక్కడే ఆగుతాయి. తలా తోకా కలవకపోవడానికి కారణం నరాల అమరిక. మంత్రం వేయించుకోనివాళ్లకూ అవి కలవవు.

"మరి మా అత్తకు మంత్రంతోనే తగ్గిందిగా?" అంటారు. ఏ మందూ వేయకపోయినా ఈ పొక్కులు వారం పది రోజుల్లో చెక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోతాయి. ఎలాగూ మానే పుండు మానింది, పేరు మంత్రానికి దక్కింది. ఈలోగా పోగొట్టుకున్నదాన్ని ఎవరూ లెక్క కట్టరు. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మాత్రలను పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పుండ్లు త్వరగా మానతాయి, తొలి రోజుల నొప్పి తగ్గుతుంది. మంత్రాల చుట్టూ తిరిగేసరికి గడిచిపోయేది సరిగ్గా ఆ 3 రోజులే.

నుదుటి మీద, కనురెప్ప మీద లేచినప్పుడు ఈ ఆలస్యానికి చూపే పోవచ్చు. ముక్కు కొన మీద పొక్కు కనబడిందంటే కంటికి ముప్పు ఉన్నట్టే. అలాంటి ముఖం మీద పసరు పిండుతున్నారు, అది కంట్లోకి కారుతోంది. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించి మందు మొదలుపెడితే చాలామందికి కన్ను దక్కుతుంది.

పుండు మానినా నరం మానకపోవచ్చు. కొందరికి, ముఖ్యంగా 60 దాటినవాళ్లకు, 3 నెలలు దాటినా మంట పోదు. చీర కొంగు తగిలినా, ఫ్యాను గాలి సోకినా కారం రాసినట్టు ఉంటుంది. నాట్లకు వంగలేక కూలి పోతుంది, రాత్రి నిద్ర పోతుంది. మంట రాకుండా ఏ మందూ హామీ ఇవ్వదు. వస్తే మాత్రం గాబాపెంటిన్, ప్రిగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలతో ఉపశమనం ఉంది. అది సర్పి మిగిల్చిన మంటేనని తెలియక, వాతం అనుకుని నొప్పి బిళ్లలు మింగుతూ బతుకుతున్నవాళ్లు ఎందరో.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. నాగదోషం: పాముకూ దీనికీ సంబంధమే లేదు. పురుగు పాకింది: లేదు, వైరస్ లోపలినుంచే వచ్చింది. స్నానం చేయకూడదు: చేయాలి, పుండ్లు శుభ్రంగా ఉండాలి. పప్పు, వంకాయ మానాలి: మానితే నీరసం తప్ప ఒరిగేదేమీ లేదు. మెడికల్ షాపులో ఇచ్చే ఎసైక్లోవిర్ ట్యూబు రాస్తే చాలు: చాలదు, మాత్రలే వేసుకోవాలి. ఒకసారి వస్తే మళ్లీ రాదు: కొందరికి వస్తుంది.

అంటువ్యాధి అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. సర్పి ఉన్నవాళ్ల నుంచి ఎవరికీ సర్పి అంటదు. కానీ పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు. మనలాంటి వేడి దేశాల్లో పెద్దయ్యేదాకా ఆటలమ్మ రానివాళ్లు ఎక్కువ. గర్భిణులు, పసిపిల్లలు, క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పొక్కులు చెక్కు కట్టేదాకా శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచితే సరిపోతుంది. వేరే గది, వేరే కంచం పెట్టి ముసలి ప్రాణాన్ని వెలివేయాల్సిన పని లేదు.

ఒంటికి ఒక పక్కన మంట, పోట్లు మొదలై, రెండు మూడు రోజుల్లో అక్కడే పొక్కులు లేస్తే అది సర్పి కావచ్చు. అదే రోజు పీహెచ్‌సీకో, చర్మవైద్యుల దగ్గరికో వెళ్లండి. ఎసైక్లోవిర్ పాత మందే, మన దేశంలోనే తయారవుతోంది, జనరిక్‌గా దొరుకుతుంది. రోజుకు ఐదుసార్లు వేసుకోవడం చాదస్తంగా అనిపించినా డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి, మోతాదు తగ్గిస్తారు. పొక్కులు ఒళ్లంతా పాకితే పెద్దాసుపత్రికి వెళ్లాలి. చిన్న వయసులో సర్పి వస్తే సిగ్గుపడకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. ఏఆర్‌టీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ మందులు ఉచితం.

టీకా కూడా ఉంది. 50 దాటినవాళ్ల కోసం షింగ్రిక్స్ 2023లో మన దేశానికి వచ్చింది, బాగా పనిచేస్తుంది. కానీ రెండు డోసులకూ కలిపి 20 వేల రూపాయల పైమాటే. స్తోమత ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వేయించుకోవాలి. కూలి చేసుకునే ఇంటికి అది అందే ధర కాదు. వాళ్లకు దక్కే రక్ష ఆ తొలి 3 రోజుల మందే.

పెద్దవాళ్లు నమ్మకం వదలకపోతే వాదనతో పొద్దు పుచ్చకండి. దేవుడికి దణ్ణం పెట్టుకోనివ్వండి. పొక్కుల మీద మాత్రం ఏదీ పూయనివ్వకండి, పొద్దు గూకేలోపు ఆసుపత్రికి తీసుకెళ్లండి.