జాతరలో జొన్న రొట్టె

నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్ళలో జొన్న రొట్టె చేయడం రాని ఆడమనిషి దొరకడం కష్టం. తెల్లారితే పొయ్యి మీద పెనం ఎక్కాల్సిందే. ఇంట్లో రోజూ చేసే ఆ రొట్టెనే జాతరలో అమ్మితే నాలుగు పైసలు వస్తాయా? వస్తాయి. కాని లెక్క రాసుకోవాలి.

శివరాత్రికి ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వర స్వామి జాతర జరుగుతుంది. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు. మంజీర ఒడ్డున ఏడుపాయల వనదుర్గ జాతర కూడా అప్పుడే. గాజులు, బొమ్మలు, పేలాలు, మిఠాయిలు అమ్మేవాళ్ళు వరసగా కూర్చుంటారు. వాళ్ళ మధ్య రొట్టెల గంప పెట్టేముందు ఒక సంగతి గుర్తుండాలి. శివరాత్రి నాడు చాలామందికి ఒక్కపొద్దు. ఆ రోజు కందగడ్డలకు, పండ్లకే గిరాకి. రొట్టె ముట్టరు. రాత్రంతా జాగారం చేసి, మర్నాడు ఒక్కపొద్దు విడిచినవాళ్ళు రొట్టె అడుగుతారు. ముందురోజే గంప నింపుకొని పోయిన అక్క పొద్దుగూకేదాకా ఈగలు తోలుకోవాలి.

మెత్తటి రొట్టె పొద్దున చేస్తే రాత్రికి గట్టిపడుతుంది. జాతరకు కడక్ రొట్టె మేలు. పిండిలో సలసల మరిగే నీళ్ళు పోసి కలపాలి. గోధుమ పిండి సాగినట్టు జొన్న పిండి సాగదు. చన్నీళ్ళతో కలిపితే కొట్టేటప్పుడు అంచులు పగులుతాయి. పలచగా కొట్టి రెండు వైపులా కాల్చాలి. తరువాత పొయ్యి పక్కన నిలబెట్టి, తడి పూర్తిగా పోయేదాకా ఉంచాలి. చల్లారినంకనే మూట కట్టాలి. వేడి మీద కడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. మంచిగ ఎండిన కడక్ రొట్టె చాలా రోజులు నిలుస్తుంది. తోడుగా పల్లి కారం, ఎల్లిగడ్డ కారం పొడిగానే ఉండాలి. నీళ్ళు తగిలిన పచ్చడి ఎండకు పులుస్తుంది.

ఇంక లెక్క. ధరలు ఏడాదికో తీరు మారుతాయి. ఇక్కడ లెక్క కట్టే తీరు చూడాలి. ఒక అక్క 10 కిలోల జొన్నలతో 150 రొట్టెలు చేసింది అనుకుందాం.

జొన్నలు – 500 రూపాయలు
గిర్ని – 50
కట్టెలు – 100
పల్లీలు, మిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు – 300
కాగితాలు – 50
మూటకు బస్సు కిరాయి – 50
జాగ కిరాయి – 100
మొత్తం – 1,150 రూపాయలు

(2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు పైసలు లేవు. మూటకు మాత్రం లగేజీ టికెట్ పడవచ్చు.)

రొట్టె 10 రూపాయల చొప్పున అన్నీ అమ్ముడుపోయాయి. చేతికి 1,500 వచ్చాయి. "జొన్నలు మా చేనువే, కట్టెలు నేను ఏరుకొచ్చినయే" అని ఆ అక్క వాటిని రాయలేదు. "950 మిగిలినయి" అని సంబరపడింది. అదే జొన్నలు అమ్ముకుంటే 500 వచ్చేవి కదా! నిజంగా మిగిలింది 350. రొట్టెలు చేయడానికి రెండు రోజులు, అమ్మడానికి ఒక రోజు పట్టింది. అంటే రోజుకు 117 రూపాయలు కూడా పడలేదు. కూలికి పోయినా అంతకన్నా ఎక్కువ వచ్చేది. ఇంటి పనికి ధర కట్టే అలవాటు మన ఇళ్ళల్లో లేదు. నష్టం అక్కడే దాక్కుంటుంది.

అదే రొట్టె 15 రూపాయలకు అమ్మితే 2,250 వస్తాయి. ఖర్చు పోను 1,100 మిగులుతాయి. రోజుకు 366 పైనే. రెండు రొట్టెలు, కారం కలిపి 30 రూపాయలు అంటే చిల్లర తిప్పలు కూడా తగ్గుతాయి. బేరం ఆడేవాళ్ళు ఉంటారు. తన ఖర్చు తెలిసిన మనిషి ఎక్కడిదాకా దిగవచ్చో తెలిసి దిగుతుంది. బీదర్ వైపు వాళ్ళు రొట్టి అంటారు, మరాఠీ వాళ్ళు భాకరి అంటారు. మూడు పేర్లతోనూ కేక వేస్తే మూడు రకాల జనం ఆగుతారు.

జాతరలో జాగ పట్టగానే తైబజారు చీటీ ఇచ్చే మనిషి వస్తాడు. చదువు పనికొచ్చే చోటు ఇదే. చీటీ మీద తేదీ చూడాలి. అంకె చూడాలి. చీటీలో 50 ఉండి నోటితో 100 అడిగితే, "అన్నా, ఇండ్ల యాభై రాసి ఉన్నది" అని వేలు పెట్టి చూపించాలి. అరవాల్సిన పని లేదు. చీటీ ఇవ్వకుండా పైసలు అడిగితే ముందు చీటీ అడగాలి. దాన్ని పారేయకుండా కొంగున కట్టుకోవాలి. ఇంకొకరు మళ్ళీ వచ్చి అడిగితే అదే సాక్ష్యం. తినే వస్తువులు అమ్మే చిన్నవాళ్ళు కూడా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పేరు నమోదు చేసుకోవాలి. మహిళా సంఘంలో నలుగురు కలిసి కనుక్కుంటే ఆ పని తేలిక అవుతుంది.

అన్నీ అమ్ముడుపోవు. 150లో 30 మిగిలితే ఆ రోజు వచ్చేది 1,800 మాత్రమే. ఖర్చు పోను 650. కాని కడక్ రొట్టెలు కాబట్టి మిగిలినవి వారం అంగడికి పోతాయి. ఎన్ని మిగిలాయి, ఏ వేళకు గిరాకి ఎక్కువ, ఏ కారం ముందు అయిపోయింది అని ఇంటికి రాగానే పుస్తకంలో రాసి పెట్టాలి. వచ్చే శివరాత్రికి ఎన్ని కిలోల జొన్నలు గిర్నికి తీసుకుపోవాలో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.